ఒక్కపొద్దుల వదిన

పాతూరులో మా అన్న నూనెల అంగడి ముందు మా వదిన ఫ్లెక్సీ కట్టారు. ఎంత పెద్దదంటే, దాని నీడలో మూడు ఆటోలు, ఒక చెరుకురసం బండి, ఎవరివో తెలియని రెండు బర్రెలు సుఖంగా కాపురం చేస్తున్నాయి. మే నెలలో అనంతపురంలో అంత నీడ ఇచ్చినవాళ్ళు చరిత్రలో లేరు. 'పరమ భక్తురాలు, ఉపవాస దీక్షా శిరోమణి' అని బంగారు రంగు అక్షరాలు. ఫోటోలో వదిన బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. ఎవరి ఫ్లెక్సీయో అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత అర్థమైంది. దవడ ఎముకలు పొడుచుకొచ్చిన మొహం బాగుండదని, ఫ్లెక్సీ వేసినతను కంప్యూటర్లో కాస్త కండ పెట్టాడు. మా వంశమంతా కలిసి ఇన్నేళ్ళలో పెట్టలేని కండ అతను ఒక్క పూటలో పెట్టేశాడు. ముందే తెలిసుంటే ఆమెను తీసుకెళ్ళి అతని దగ్గరే చేర్పించి ఉందును.

గార్లదిన్నె నుంచి బస్సులో వచ్చి, బస్టాండు నుంచి ఆటోలో దిగాను. ఆటో అతను ఫ్లెక్సీ చూసి చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"మీకు ఏమైతాదక్కా ఆయమ్మ?"

"మా వదినప్పా. ఈపొద్దు పెద్దకర్మ."

"పుణ్యం చేసుకున్నారక్కా. ఆయమ్మ ఒక్కపొద్దులుంటేనే గదా ఆ యేడు వానలు పడింది."

ఆమె తినుంటే ఇంకా బతికుండేదప్పా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా సీమలో పస్తున్న మనిషి మాటకు ఉన్న విలువ తిన్న మనిషి మాటకు లేదు. అందులోనూ నేను దిగగానే ఆటో జానెడు పైకి లేచింది. అంత సాక్ష్యం కళ్ళముందు పెట్టుకుని తిండి గురించి నేను ఏం చెప్పినా అది పక్షపాతమే.

ఒక్కపొద్దు అంటే మా వైపు దేవుడి పేరు చెప్పి రోజులో ఒక పూటే తినడం. అందరూ ఉంటారు. నేను కూడా శివరాత్రికి ఉంటాను, మధ్యాహ్నం దాకా, ఇంట్లో అరటిపండ్లు అయిపోయేదాకా. మా వదిన మాత్రం ఆ విద్యలో ఎక్కిన ఎత్తులు వేరు. పెళ్ళయి వచ్చేటప్పటికి ఆమె నిండుగా, ఒద్దికగా, మంచి జొన్న కంకిలా ఉండేది. ఎవరో పేరంటాలు "కోడలు కొంచెం లావేమో" అని మూతి తిప్పింది. ఆ వారమే శనివారం వెంకటరమణస్వామికి ఒక్కపొద్దు మొదలైంది. కొన్నాళ్ళకు సోమవారం శివుడు చేరాడు. తర్వాత శుక్రవారం లక్ష్మి, గురువారం బాబా, మంగళవారం ఆంజనేయుడు. ఆదివారం సూర్యుడికి ఇచ్చేసింది. అనంతపురంలో సూర్యుడికి వేరే పూజ ఎందుకు వదినా, పొద్దస్తమానం మన నెత్తి మీదే కూచోనుండాడు గదా అంటే వినలేదు. తినే ఆ ఒక్క పూట కూడా రెండు ముద్దలతో లేచేది. చివరికి బుధవారం ఒక్కటే మిగిలింది.

"బుధవారానికి ఎవురన్నా ఖాళీగా ఉండారేమో చూడు పాపా," అని నన్నే అడిగింది.

నేను ఆమె మొగుడి చెల్లెల్ని కాబట్టి నన్ను పాపా అనేది. నా నడుము కొలత ఎంత పెరిగినా ఆ పిలుపు మాత్రం తగ్గలేదు.

తినని మనిషి వంటిల్లు ఎట్లా ఉండాలి? పిల్లి పడుకోవాలి పొయ్యిలో. మా వదిన వంటిల్లు పెళ్ళి విడిదిలా ఉండేది. పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీ, పప్పు, వంకాయ కూర, చిత్రాన్నం. సాయంత్రం ఊరికే ఉండలేక ఓళిగలు, అంటే బొబ్బట్లు. మా అన్నకు, కూతురికి, పోయినప్పుడల్లా నాకు కొసరి కొసరి వడ్డించేది. వడ్డించి ఎదురుగా కూర్చుని మనం నమిలే నోటినే చూసేది. మనం నమిలితే ఆమె దవడ కదిలేది. మనం మింగితే ఆమె గొంతు మింగేది. నేను ఓళిగ మీద నెయ్యి వేసుకుంటే ఆమె కళ్ళు మూసుకునేది. గరిట దగ్గరికి తెచ్చుకుని, వాసన చూసి, మళ్ళీ గిన్నెలో పెట్టేసేది. వీధిలో ఎవరింట్లో ఏ తాలింపు పడిందో వాకిట్లో నిలబడి చెప్పేది. "మూలింటి వాళ్ళు ఎల్లిపాయ మాడ్చినారు పాపా" అంటే, వాళ్ళింకా ముక్కు తుడుచుకోకముందే ఈమెకు తెలిసిపోయేది.

"నువ్వూ ఒక ముద్ద తిను వదినా," అంటే ఒకటే మాట.

"నాకీపొద్దు ఒక్కపొద్దు పాపా. నువ్వు తిను."

ఆ మాటతో ఆమె తన వాటా తిండంతా ఇన్నేళ్ళు నా విస్తట్లోకి తోసేసింది. ఇప్పుడు నా ఒంట్లో ఉన్నది నేనొక్కదాన్ని కాదు. అందులో సగం మా వదిన.

వీధి ఊరుకుంటే ఈ కథ ఇంట్లోనే ఉండేది. ఒక సంవత్సరం చెనిక్కాయ విత్తుకునే వేళకు వాన రాలేదు. ఆకాశం కేసి చూసి చూసి అందరికీ మెడలు పట్టేశాయి. వదిన అదే వారం బుధవారాన్ని కూడా ఏదో అమ్మవారికి ఇచ్చేసింది. నాలుగు రోజులకు వాన దంచి కొట్టింది. వాతావరణంవాళ్ళు బంగాళాఖాతంలో ఏదో అల్పపీడనం అని చెప్పారుగానీ, మా పాతూరులో బంగాళాఖాతాన్ని నమ్మేవాళ్ళు ఎవరు? వదిన కాళ్ళకు దండాలు పెట్టారు. పసుపు కుంకుమలిచ్చారు. మరుసటేడు వాన మళ్ళీ మొండికేసింది. అప్పుడు వీధి ఆడవాళ్ళు వచ్చి, ఎరువు తక్కువైందన్నట్టు, "ఇంగొంచెం గట్టిగా ఉండమ్మా ఒక్కపొద్దు" అన్నారు. ఆమె ఉంది. ఆకాశంలో మబ్బు లేకపోవడం ఆమె కడుపులో మెతుకు ఉన్నందుకే అన్నట్టు ఉంది.

తర్వాత స్వెట్టర్ వచ్చింది. మే నెల అనంతపురంలో, తారు రోడ్డు చెప్పుకు అంటుకుని కూడా వస్తున్న కాలంలో, మా వదిన మెరూన్ రంగు ఉన్ని స్వెట్టర్ వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి కూర్చునేది. "చలిగా ఉండాది పాపా." తల వెంట్రుకలు దువ్వెనకే ఎక్కువ మిగిలేవి. మా అమ్మ దాన్ని కూడా వదల్లేదు. "అది ఉత్త చలి గాదు. దేవుడు లోపల చేరితే ఒళ్ళు సల్లబడతాది," అని వీధికి వ్యాఖ్యానం చెప్పింది. దేవుడికి చేరడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు.

అసలు ఘోరం స్వెట్టర్ కంటే ముందే జరిగింది. ఆమెకు నెలసరి ఆగిపోయింది. నలభై కూడా నిండలేదు. ఇంకొక ఇంట్లో అయితే కనీసం ఒక ఆడమనిషి గాభరా పడేది. మా ఇంట్లో పండగ చేసుకున్నారు. మా వైపు నెలకు మూడు రోజులు ఆడవాళ్ళు వంటింటికి, దేవుడింటికి దూరం. ఆ మూడు రోజులు దీక్షలకు అడ్డం. ఇప్పుడు ఆ అడ్డం లేదు. "దేవుడే తీసేసినాడు," అని మా అమ్మ చెంపలు వేసుకుంది. అంతే. ఏ ఇంట్లో వ్రతమున్నా ముందు పిలుపు మా వదినకే. తేదీ చూసుకునే పని లేదు, అడిగే పని లేదు, ఎప్పుడు పిలిచినా మడే. ఒళ్ళు తనకు తాను తలుపులు మూసుకుంటుంటే, వీధంతా బయట నిలబడి హారతి ఇచ్చింది.

ఒక పొద్దు ఆమె దోసెల పెనం ఎత్తబోయింది. మణికట్టు విరిగింది. పెనం కింద పడలేదు, ఆమె పడలేదు, ఎముక మాత్రం ఊరికే, అప్పడంలా, విరిగింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, కట్టు కట్టి, ముందు హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. అన్న, నేను, మధ్యలో స్వెట్టర్‌లో వదిన.

ఆ డాక్టరమ్మ అలసిపోయిన మనిషి. మాటలు చుట్టి చెప్పే ఓపిక లేదు. అన్నను ఏం వ్యాపారమని అడిగి, ఆ వ్యాపారంలోనే చెప్పింది.

"అంగట్లో సరుకు తగ్గితే నువ్వేం చేస్తావు?"

"ఖర్చు తగ్గిస్తాను మేడమ్."

"ఈమె ఒళ్ళు అదే చేసింది. ఒంట్లో కొవ్వు ఉంటే లెప్టిన్ అని ఒక హార్మోను, సరుకుంది అని మెదడుకు కబురు చెప్తుంది. కబురు రావడం మానేసింది. మెదడు ఒక్కొక్క షట్టరూ దించుకుంటూ వచ్చింది. ముందు పిల్లల్ని కనే గది. అందుకే నెలసరి లేదు. తర్వాత థైరాయిడ్ మంట తగ్గించింది. అందుకే ఈ స్వెట్టర్. ఎముకకు బలమిచ్చే హార్మోను పోయింది, ఎముకను తినే హార్మోను పెరిగింది. అందుకే ఈ కట్టు. ఇంక దించడానికి మిగిలిన షట్టర్ గుండే."

అన్న ముఖం పాలిపోయింది. వ్యాపారి కదా, షట్టర్ అంటే అర్థమైంది.

"మరి ఆకలెయ్యదా మేడమ్ ఈమెకు?" అని నేనడిగాను. నా జీవితంలో నన్ను అన్నిటికంటే వేధించిన ప్రశ్న అది.

"ఎందుకెయ్యదు? ఆకలి హార్మోను కడుపులోంచి గొంతు చించుకుని అరుస్తూనే ఉంటుంది. ఈమె మెదడు దాని మాట వినే తీరే మారిపోయింది. ఆ అరుపు వంటలోకి, వాసనలోకి, పక్కవాళ్ళ విస్తట్లోకి పోతుంది."

వదిన తలెత్తి డాక్టరమ్మను చూసింది. తన ఇంట్లోకి తొంగి చూసినవాళ్ళను చూసినట్టు.

"పట్టుదల శానా మేడమ్ ఆమెకు," అన్నాడు అన్న, ఇంకా కాస్త గర్వంగానే.

"పట్టుదల కాదు, జబ్బు," అంది డాక్టరమ్మ. "హార్మోన్లే దీన్ని మొదలుపెట్టాయని నేను చెప్పను. లావంటారనే భయమో, పదిమంది మెప్పో, ఏదో మొదలుపెట్టి ఉంటుంది. కానీ ఇప్పుడు ఆ హార్మోన్లే ఈమెను అందులోంచి బయటికి రానివ్వవు. ఊరికే తినమని తిడితే తినలేదు."

"థైరాయిడ్‌కు మాత్రేదన్నా రాస్తారా?"

"సరుకు లేని అంగడికి లైట్లేసి ఏం లాభం? తిండే మందు. కొంచెం కొంచెంగా, నేను చూస్తుండగా పెంచాలి. మనసుకు కూడా ఒక డాక్టరు కావాలి, నేను రాసిస్తాను. నెలసరి తిరిగొచ్చిన రోజు, ఒళ్ళు మళ్ళీ నమ్మిందని లెక్క. ఆ రోజు పండగ చేసుకోండి."

ఆ చివరి మాటే మా కొంప ముంచింది.

కట్టు ఉన్న చేత్తో వంట చెయ్యలేదు కాబట్టి ఆమెను నాతో గార్లదిన్నెకు పంపారు. మనిషికి సెలవు దొరకాలంటే ఎముక విరగాల్సి వచ్చింది. మా ఇంట్లో నేను దేవుళ్ళ ఫోటోలన్నీ గోడకు తిప్పి పెట్టాను. నిజంగానే. బుధవారం అమ్మవారితో సహా.

మొదట్లో యుద్ధం. గిన్నెడు పెరుగన్నం ముందర గంటసేపు కూర్చునేది. ముద్ద కలిపేది, విడదీసేది, మళ్ళీ కలిపేది. నేను అరిచేదాన్ని. అరిస్తే లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి పెరట్లోకి పోయి కోళ్ళ మీద అరిచి వచ్చేదాన్ని. మా కోళ్ళు ఆ ఏడాది గుడ్లు తగ్గించాయి.

ఒక మధ్యాహ్నం అడిగాను. "ఎందుకు వదినా? ఇన్ని వండుతావు, ఇంత ఇష్టం పెట్టుకోనుండావు. ఎందుకు తినవు?"

గిన్నె అంచు మీది మెతుకు తీసి మళ్ళీ లోపల వేసింది. తర్వాత చెప్పింది. "తినల్లనే ఉంటాది పాపా. చెయ్యి పోదు. తినకుంటే లోపల నిమ్మళంగా ఉంటాది. తింటే గోల." గిన్నె పక్కకు జరిపి, "అయినా, తింటే నన్నెవురు పిలుస్తారు? ముందు నేను నూనెంగడాయప్ప పెండ్లామే గదా. ఇప్పుడు నేను పోకుంటే ఎవురింట్లోనూ కలశం లేయదు," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషికి ఇంత చిన్న సింహాసనమా, దానికి ఇంత పెద్ద శిస్తా అని.

అయినా వారం వారం అనంతపురం తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చెప్పినట్టు కొంచెం కొంచెంగా పెంచాను. గిన్నె సగమైంది. తర్వాత గిన్నె అడుగు కనిపించింది. ఒక పొద్దు ఉగ్గానిలో బజ్జీ నంజుకుని, "ఉప్పు తక్కువేసినావు పాపా" అంది. నా వంటను తిట్టినందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. స్వెట్టర్ తీసి కొక్కేనికి తగిలించింది.

వరలక్ష్మి వ్రతానికి రెండు రోజుల ముందు, స్నానాల గది తలుపు తీసుకుని వచ్చి, గడప దగ్గర నిలబడి, "పాపా," అంది. "వచ్చింది."

నేను ఎగిరాను. నేను ఎగిరితే భూకంపం వచ్చిందని పక్కింటివాళ్ళు బయటికి పరిగెత్తారని చెప్తారు, నమ్మకండి, ఒక్కరే వచ్చారు. మా వైపు ఆడపిల్ల పెద్దమనిషయితే నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి తినిపిస్తారు. నేను చిమ్మిలి దంచాను, నలభై ఏళ్ళ ఆడమనిషికి. పీట వేసి కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టి, ఉండ చేతిలో పెట్టాను. ముందు వాసన చూసింది. గిన్నెలో పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. కొరికింది. నువ్వుల నూనె పెదాలకు అంటుకుంది. నవ్వుతూ, ఏడుస్తూ ఇంకొకటి అడిగింది. ఆమె నన్ను తిండి అడగడం అదొక్కసారే.

మరునాడు అన్న, అమ్మ కారులో దిగారు. వ్రతానికి వదినను తీసుకుపోవడానికి. వీధిలో చాలా ఇళ్ళు ఆమె కోసం చూస్తున్నాయట.

"వదిన దూరం కూర్చోనుండాది మ్మా," అన్నాను. ఊరేగింపంత సంబరంగా చెప్పాను.

మా అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో! ఎంత పనాయె! ఏమి తినిపిస్తివే దానికి?"

అన్న నన్ను పక్కకు పిలిచాడు. "డాక్టరు చెప్పింది నిజమే పాపా. కానీ వ్రతం అయినంక వచ్చింటే బాగుండు గదా." సరుకు ఆలస్యమైనట్టు చెప్పాడు.

వదిన వాకిట్లో దూరంగా, చాప మీద కూర్చుని ఇదంతా వింది. నవ్వు ముఖం నుంచి ఎట్లా దిగిపోతుందో నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ముందు రోజు చిమ్మిలి తినడమే నేరమైనట్టు తల దించుకుంది. వాళ్ళతో వెళ్ళిపోయింది. కొక్కేనికి ఉన్న స్వెట్టర్ వెళ్ళేటప్పుడు తనే తీసుకుంది. నేను ఫోన్లో అరిచాను, వెళ్ళి అరిచాను, అన్నను అంగట్లో బేరాల ముందే నిలదీశాను. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతానంటే, ప్రతిసారీ ఏదో ఒక ఇంట్లో వ్రతం ఉండేది. దీపావళికి చూస్తే నెలసరి మళ్ళీ ఆగింది, ఆమె మళ్ళీ మడి. వీధి మళ్ళీ సంతోషం.

చివరి షట్టర్ ఈ మేలో పడింది. ఏకాదశి నాడు, పూజలో కూర్చున్నచోటే గుండె ఆగింది. "ఎంత మంచి చావు," అన్నారు. డాక్టరమ్మ చెప్పిన వరసలో, ఒక్కటి కూడా తప్పకుండా పోయింది. దాన్ని మంచి చావు అని ఎట్లా అంటారో నాకు అర్థం కాలేదు.

పెద్దకర్మ నాడు, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఫోటో ముందు విస్తరి వేస్తారు. నేను లోపలికి పోయేసరికి వంటింట్లో అదే చర్చ. ఆమెకు ఏం ఇష్టం? ఎవరికీ తెలియదు. అందరికీ ఇష్టమైనవన్నీ ఆమెకు తెలుసు.

"దానికేముంటాది ఇష్టం? తులసి తీర్థం పెట్టండి చాలు, మహాతల్లి," అంది మా అమ్మ.

నేను సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తీశాను. నువ్వుల వాసన ఇల్లంతా పాకింది.

"చిమ్మిలా! శుభానికి చేసేది చావింటికి తెస్తావా? మతి ఉండాదా నీకు?"

"ఆమె అడిగి తినింది ఇదొక్కటే మ్మా," అని విస్తట్లో రెండు ఉండలు పెట్టాను.

అమ్మ ఇంకేదో అనబోయి, బంధువుల వైపు తిరిగి గొంతు మార్చింది. "అది పోయినా దీక్ష పోలేదు. దాని కూతురు పట్టుకుంటాది. ఈ నెల నుంచే మొదలుపెట్టింది శనివారాలు, సోమవారాలు. తల్లి పోలికే."

నా మేనకోడలు మూల గదిలో కూర్చుని ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. నేను లోపలికి పోయి, చెమట తుడుచుకుంటూ ఫ్యాన్ వేశాను. ఊపిరి పీల్చుకున్నాను.

"ఫ్యాన్ ఆపు అత్తా," అంది. "చలిగా ఉండాది."

అప్పుడు చూశాను, చీకట్లో మెరూన్ రంగు. గుండీలన్నీ పెట్టుకుని ఉంది.

"మీ అమ్మదని వేసుకున్నావా, నిజంగా చలేస్తాందా?"

మెడ దగ్గరి గుండీ సర్దుకుంది. నేను ఫ్యాన్ ఆపలేదు. బయటికొచ్చి అన్నతో, అమ్మతో, బంధువులందరి ఎదుటా చెప్పాను. "పిల్ల నాతో గార్లదిన్నెకు వస్తాది. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోతాము. తర్వాత సంగతి తర్వాత." మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఎట్లా అనింది. అన్న మాత్రం ఫ్లెక్సీ వైపు ఒకసారి చూసి, వెళ్ళి పిల్ల సంచి తనే తెచ్చి ఆటోలో పెట్టాడు. ఇన్నేళ్ళకు ఆ చేతులు చేసిన ఒక్క మంచి పని.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి డబ్బా తీశాను. ఒక ఉండ చేతిలో పెట్టాను. అది ముందు వాసన చూసింది. అచ్చం తల్లి లాగే కళ్ళు మూసుకుంది. తర్వాత రెండుగా తుంచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టబోయింది.

"నువ్వు తిను అత్తా. నీకు ఇష్టం గదా."

నిజమే, నాకు ప్రాణం. బస్సు ఎక్కినప్పటి నుంచి నా నోట్లో నీళ్ళూరుతూనే ఉన్నాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నాకీపొద్దు ఒక్కపొద్దు," అన్నాను. "నువ్వు తిను."